ఇంగ్లీషు క్రియల కోసం ఆక్స్‌ఫర్డ్ అడ్వాన్స్‌డ్ లెర్నర్స్ డిక్షనరీ: ఏళ్ల తరబడి వాడాక

తెలుగు మీడియంలో చదివి, ఉత్తర ప్రత్యుత్తరాలన్నీ ఇంగ్లీషులో సాగే ఉద్యోగంలో చేరినవారికి క్రియల అర్థాలు చాలావరకు తెలిసే ఉంటాయి. చిక్కల్లా ఆ క్రియ తరువాత ఏ మాట రావాలన్న దగ్గరే వస్తుంది. ఆ అవసరంతోనే నేను 2005 నాటి ఏడో కూర్పును కొన్నాను. ఇప్పటికీ అది నా బల్ల మీదే ఉంటుంది. ఈ సమీక్ష క్రియల వరకే పరిమితం.

ఈ నిఘంటువు పుట్టిందే ఇంగ్లీషు మాతృభాష కానివారి కోసం. జపానులో ఇంగ్లీషు బోధించిన ఎ. ఎస్. హార్న్‌బీ మరో ఇద్దరితో కలిసి దీన్ని తయారుచేయగా 1942లో టోక్యోలో తొలిసారి వెలువడింది. 1948లో ఆక్స్‌ఫర్డ్ వారు తమ పేరిట ప్రచురించారు. ఏ క్రియ ఏయే వాక్య నిర్మాణాలలో ఇముడుతుందో చూపించాలన్నది హార్న్‌బీ మొదటి నుంచీ పెట్టుకున్న పట్టుదల. ఈ పుస్తకానికి నేటికీ అదే బలం.

‘నాకు వివరించండి’ అనడం మనకు అలవాటు కాబట్టి ‘ఎక్స్‌ప్లెయిన్ మీ’ అని చేయి దానంతట అదే రాసేస్తుంది. ఈ నిఘంటువు అర్థం చెప్పి ఊరుకోకుండా, ‘హెల్ప్’ అన్న చిన్న గుర్తు కింద ఆ ప్రయోగం చెల్లదని హెచ్చరించి, ‘ఎక్స్‌ప్లెయిన్ టు మీ’ అన్న సరైన రూపాన్ని వాక్యంతో సహా చూపిస్తుంది. ‘గురించి చర్చించాం’ నుంచి ఊడిపడే ‘డిస్కస్ అబౌట్’కు, ‘సజెస్ట్ మీ’కి కూడా ఇలాంటి హెచ్చరికలే ఉన్నాయి. ఈ మూడూ మన ఆఫీసు ఈమెయిళ్లలో ఎంతగా పాతుకుపోయాయంటే, సరిగా రాసినవారినే అనుమానంగా చూసే పరిస్థితి.

ఫ్రేజల్ వెర్బుల దగ్గర, అంటే క్రియకు ‘ఆఫ్’, ‘ఆఫ్టర్’ వంటి చిన్న మాట తోడై వేరే అర్థమిచ్చే జంటల దగ్గర, నాకు అన్నిటికన్నా ఉపకరించింది రెండువైపులా మొనలున్న ఓ బాణం గుర్తు. ‘పుట్ ఆఫ్’ దగ్గర అది కనిపిస్తే, కర్మను ఆ రెండు మాటల నడుమ పెట్టినా, చివర పెట్టినా తప్పు లేదని అర్థం: ‘పుట్ ఆఫ్ ద మీటింగ్’, ‘పుట్ ద మీటింగ్ ఆఫ్’ రెండూ చెల్లుతాయి. సర్వనామమైతే మాత్రం ‘పుట్ ఇట్ ఆఫ్’ అని నడుమనే రావాలి. ‘లుక్ ఆఫ్టర్’ దగ్గర ఆ బాణం ఉండదు, కనుక ఆ రెండింటినీ విడదీయకూడదు.

‘రన్’, ‘టేక్’ వంటి పొడవాటి క్రియలకు అర్థాల గుంపులవారీగా చిన్న శీర్షికలు ఉండడం వల్ల వెతుకులాట తగ్గుతుంది. అయితే ఏడో కూర్పులో వాక్య నిర్మాణాలను పొడి అక్షరాల సంకేతాలతో చూపించారు. వాటి వివరణ వంటబట్టేదాకా ఓపిక పట్టాలి. 2010లో వచ్చిన ఎనిమిదో కూర్పులో ఆ సంకేతాలను తీసేసి, నిర్మాణాన్ని మామూలు మాటల్లోనే చూపించారు.

అసలు లోటు వేరే ఉంది. తెలుగులో ‘కుట్టించుకున్నాను’ అన్న ఒక్క మాటలోనే కుట్టింది మరొకరనీ, కుట్టించుకున్నది నా కోసమనీ తెలిసిపోతుంది. ఇంగ్లీషులో దీనికి ‘హ్యావ్’ గాని ‘గెట్’ గాని తోడు కావాలి. చొక్కా అంటే ‘హ్యాడ్ ఎ షర్ట్ స్టిచ్డ్’ అనాలి. ఆ సంగతి ‘స్టిచ్’ కింద వెతికేవారికి దొరకదు. ‘హ్యావ్’ కింద ఉన్న అర్థాల అడవిలోకి వెళ్తేనే కనిపిస్తుంది, అక్కడికి వెళ్లాలని ముందే తెలిసి ఉండాలి. ‘ఇల్లు కట్టించాను’కు ‘బిల్డ్’ చూసినా అదే ఇబ్బంది. ఏ మాతృభాష వారికైనా పనికొచ్చేలా కూర్చిన పుస్తకం కాబట్టి దీన్ని తప్పు పట్టలేం గాని, మనవాళ్లకు ఇక్కడ ఉపాధ్యాయుడి సాయం తప్పదు.

ఇంటర్ దాటినవారికి, ఉద్యోగులకు, అనువాదకులకు దీన్ని నిస్సంకోచంగా సూచిస్తాను. వివరణలన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కనుక బడి పిల్లలకు ముందుగా ఇంగ్లీషు-తెలుగు నిఘంటువే మేలు. ఆబిడ్స్ ఆదివారం సంతలో పాత ప్రతి తీసుకునేవారు ఎనిమిదో కూర్పు గాని ఆ తరువాతిది గాని చూసుకోవాలి. కొనే ఉద్దేశం లేనివారికి ఆన్‌లైన్‌లో ఉచితంగానే లభిస్తుంది.