ఏడుకి ఏడు: యూరోవిజన్‌లో ఐర్లాండ్ గొప్పా, స్వీడన్ గొప్పా?

యూరోవిజన్ అంటే ఏటా యూరప్ దేశాలు ఒక్కో పాట పంపి ఓట్ల కోసం పోటీపడే పాటల పోటీ. దాన్ని ఫాలో అయ్యేవాళ్ళ మధ్య తెగని గొడవ ఒకటుంది. 1996 నాటికే ఐర్లాండ్ ఏడుసార్లు గెలిచేసింది, ఆ తర్వాత ఇరవై ఏడేళ్ళు ఆ లెక్కని ఎవరూ అందుకోలేదు. 2023లో లివర్‌పూల్‌లో స్వీడన్ గాయని లోరీన్ గెలవడంతో స్వీడన్ కూడా ఏడుకి చేరింది. మరి ఎవరి ఏడు గొప్ప? నా ఓటు స్వీడన్‌కే. కాకపోతే అందరూ చెప్పే కారణంతో మాత్రం వేయను.

అందరూ చెప్పేది భాష సంగతి. ఎవరి దేశ భాషలో వాళ్ళే పాడాలన్న రూలు 1966లో వచ్చింది, 1973లో ఎత్తేశారు, 1977లో మళ్ళీ తెచ్చి 1998 దాకా ఉంచారు. ఐర్లాండ్‌ది ఇంగ్లిష్ కాబట్టి అన్ని దేశాల జ్యూరీలకీ పాట అర్థమైంది, గెలిచింది, అందులో గొప్పేముంది అంటారు. సరే, 1977-98 మధ్య అదే ఇంగ్లిష్‌లో పాడిన బ్రిటన్ ఎన్నిసార్లు గెలిచింది? రెండే, 1981లో ఒకటి, 1997లో ఒకటి. ఐర్లాండ్ ఆరు! అంత పెద్ద మ్యూజిక్ ఇండస్ట్రీ చేతిలో ఉన్న బ్రిటన్ రెండు దగ్గరే ఆగిపోతే, అప్పట్లో నలభై లక్షల జనాభా కూడా లేని దేశం ఆరుసార్లు కొట్టిందంటే, భాష కలిసొచ్చింది నిజమే గానీ పాటలో కూడా సరుకుండాలి కదా.

ఐర్లాండ్ 1994 గెలుపే చూడండి. డబ్లిన్ పాయింట్ థియేటర్‌లో ఇద్దరు మగవాళ్ళు, పాల్ హారింగ్టన్ పియానో ముందు, చార్లీ మెక్‌గెట్టిగన్ గిటార్‌తో. అంతే. పక్కనే పెద్ద ఆర్కెస్ట్రా ఉన్నా వాడుకోలేదు. తమ కుర్రతనం గుర్తు చేసుకుంటున్న నడివయసు పాట, కూర్చుని పాడేశారు, 226 పాయింట్లు వచ్చాయి. అంతకుముందు ఏ పాటా రెండొందలు దాటలేదు. వరుసగా మూడో గెలుపు అది, ఇప్పటికీ ఇంకో దేశానికి దక్కని రికార్డు. (ఆ రాత్రి ఓట్ల లెక్క జరుగుతున్నప్పుడు విరామంలో వేసిన రివర్‌డ్యాన్స్ అనే ఏడు నిమిషాల ఐరిష్ నాట్యం గెలిచిన పాటకంటే వందరెట్లు ఫేమస్ అయింది, అది వేరే కథ.) అంతకుముందు ఏడాదైతే ఐర్లాండ్‌వాళ్ళు పోటీని పదిహేను వందల మంది ఉండే మిల్‌స్ట్రీట్ అనే ఊళ్ళో, గుర్రాల పోటీలు జరిగే షెడ్డులో పెట్టారు. ఆ తెగువ నాకు భలే ఇష్టం.

అయితే అసలు కిటుకు ఇక్కడుంది. ఐర్లాండ్ గాయకుడు జానీ లోగన్ 1980లో పాడి గెలిచాడు, 1987లో తనే రాసి పాడి గెలిచాడు, 1992లో లిండా మార్టిన్‌కి రాసిచ్చి గెలిపించాడు. 1994, 1996 పాటలు రెండూ రాసింది బ్రెండన్ గ్రాహమ్. అంటే ఏడింటిలో ఐదు ఇద్దరు మనుషుల చేతిమీదుగా వచ్చినవే. వాళ్ళ టైమ్ అయిపోయింది, 1998 నాటికి జనం ఫోన్ ఓట్లు వచ్చేశాయి, 1999లో భాష రూలూ ఆర్కెస్ట్రా రెండూ పోయాయి, ఐర్లాండ్ దగ్గర వేరే ప్లాన్ లేదు. 2007లో ఆఖరి స్థానం. 2008లో డస్టిన్ అనే టర్కీ కోడి తోలుబొమ్మని పంపారు, నిజంగానే, అది సెమీస్ కూడా దాటలేదు. 2014 నుంచి 2023 దాకా ఒక్క 2018లో తప్ప ఫైనల్ మొహమే చూడలేదు. 2024లో బాంబీ థగ్ ఆరో స్థానం తెస్తే దేశం దేశమంతా పండగ చేసుకుంది.

స్వీడన్ ఏడూ ఎలా పరుచుకున్నాయో చూడండి: 1974, 1984, 1991, 1999, 2012, 2015, 2023. 1973లో భాష రూలు పోయింది, మరుసటేడే అబ్బా (ABBA) బృందం ఇంగ్లిష్‌లో పాడి గెలుపు కొట్టేసింది. రూలు మళ్ళీ ఉన్నప్పుడు స్వీడిష్‌లోనే రెండుసార్లు గెలిచారు (1991లో ఫ్రాన్స్‌తో సరిగ్గా సమానంగా 146 పాయింట్లు వస్తే, పది పాయింట్లు ఎక్కువసార్లు పడ్డందుకు స్వీడన్ గాయని కరోలా గట్టెక్కింది). 1999లో రూలు పోగానే అదే ఏడాది మళ్ళీ ఇంగ్లిష్‌తో గెలుపు. ఏ రూలు పెట్టినా వాళ్ళు దానికి తగ్గట్టు సర్దుకుంటారు. దీనంతటికీ మూలం మెలోడీఫెస్టివాలెన్ అనే వాళ్ళ ఎంపిక పోటీ, ఏటా ఆరు శనివారాలు, ఊరూరా తిరుగుతూ, కోటి జనాభాలో ఫైనల్ చూసేవాళ్ళే ముప్పై లక్షల పైచిలుకు. ఐర్లాండ్ ఈమధ్య దాకా ఇదే పనిని ఒక్క శుక్రవారం రాత్రి టాక్ షోలో ముగించేసేది.

స్వీడన్‌కీ ఓ మచ్చ ఉంది, దాచడం ఎందుకు. 2015లో జనం ఓట్లలో స్వీడన్ గాయకుడు మాన్స్ సెల్మెర్లోవ్ మూడోవాడు, 2023లో జనం ఎగబడింది ఫిన్లాండ్ గాయకుడు కాయరియా మీద. రెండుసార్లూ జ్యూరీయే స్వీడన్‌ని ఒడ్డున పడేసింది. 2010 ఇండియన్ ఐడల్‌లో శ్రీరామచంద్ర కోసం రాత్రంతా ఎస్సెమ్మెస్‌లు కొట్టినవాళ్ళని అడిగితే జనం ఓటు లెక్కలోకి రాకపోవడం ఎంత మంట పుట్టిస్తుందో చెబుతారు. పైగా స్వీడన్ పాటలు కొన్ని మరీ ఇస్త్రీ చేసినట్టుంటాయి, విన్న గంటకి గుర్తుండవు. మళ్ళీ మళ్ళీ వినడానికైతే నేను ఐర్లాండ్ పాటలే పెట్టుకుంటా.

కానీ అడిగింది చరిత్ర గురించి కదా, అందుకే స్వీడన్. 2025లో వాళ్ళు చేసిందే చూడండి: 2015 విజేత మాన్స్ మళ్ళీ మెలోడీఫెస్టివాలెన్‌కి వస్తే అతన్ని రెండో స్థానంలో కూర్చోబెట్టి, ఫిన్లాండ్ నుంచి వచ్చిన కాయ్ అనే ముగ్గురు కుర్రాళ్ళ ఆవిరి స్నానం పాటని, అదీ 1998 తర్వాత మొదటిసారి స్వీడిష్‌లో ఉన్నదాన్ని, యూరోవిజన్‌కి పంపారు. నాలుగో స్థానం వచ్చింది. అదే ఏడు ఐర్లాండ్ సెమీస్‌లోనే ఇంటికెళ్ళింది.