12 ఏళ్లు ఇనుప డ్రమ్ము, 4 ఏళ్లు ఫైబర్ డ్రమ్ము: మా గోబర్ గ్యాస్ అనుభవం

పలమనేరు దగ్గర మా చేన్లో 5 ఆవులున్నాయి. పేడనీళ్ల మీద బోర్లించి, గ్యాస్ నిండేకొద్దీ పైకి తేలే డ్రమ్ము ఉన్న 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ తొట్టి మాది. రోజూ 50 కిలోల పేడ, అంతే నీళ్లు కలిపి పోస్తాం. పొద్దున కాఫీ నుంచి రాత్రి సంగటి దాకా దాని మీదే. గ్యాస్ ఎప్పుడూ ఏడిపించలేదు, ఏడిపించిందల్లా ఇనుమే.

మొదట పెట్టింది ఇనుప డ్రమ్ము. ఎండకూ వానకూ పైభాగమే పాడవుతుందనుకొని ఏటా అక్కడే నల్ల పెయింటు దట్టంగా కొట్టించేవాణ్ణి. 7వ ఏడు అనుమానమొచ్చి పక్కన సబ్బు నురుగు రాస్తే బుడగలు లేచాయి. ఆరుగురం పట్టి బయటికి తీశాం. పైభాగం చెక్కుచెదరలేదు. పేడనీళ్ల మట్టం ఆడేచోట మాత్రం చుట్టూ జానెడు వెడల్పున రేకు పొరలు పొరలుగా లేచిపోయింది. స్క్రూడ్రైవర్ మొన పెడితే అప్పడంలా విరిగింది. గ్యాస్ నిండితే ఆ భాగం గాలికి తేలుతుంది, వాడితే మళ్లీ మునుగుతుంది. గాలీ తడీ ఒకదాని తర్వాత ఒకటి తగిలేది అక్కడే. లోపలివైపు గోబర్ గ్యాస్‌లో ఉండే, కుళ్లిన గుడ్ల కంపు కొట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ తేమతో కలిసి ఇనుమును తినేస్తుంది.

డ్రమ్ము కడిగి రెండు రోజులు గాలికి పెడితేగానీ ముట్టనని వెల్డర్ అన్నాడు. ఆయన మాటే సరైనది. గ్యాస్ మిగిలిన డ్రమ్ము దగ్గర నిప్పు రవ్వ పడితే ప్రాణాలు పోతాయి. అతుకులు వేయించి, ఏటా ఆ పట్టీని గీకి రెడ్ ఆక్సైడ్ పూసి ఇంకో 5 ఏళ్లు లాగాను.

తర్వాత ఫైబర్ డ్రమ్ము తెచ్చాను. ఇన్నేళ్లలో ఒక్కసారీ గీకే పని పడలేదు. అయితే బరువు తక్కువ కావడంతో ఒత్తిడి తగ్గి మంట నీరసంగా వచ్చేది. మా ఆవిడ సంగటి ఉడకట్లేదని పోరుపెడితే పైన చుట్టూ సమంగా ఇసుక మూటలు పెట్టాను, సరిపోయింది.

డ్రమ్ము మారినా గ్యాస్ అదే కదా. రెండేళ్లకు పొయ్యి ముందున్న ఇత్తడి వాల్వు నల్లబడి బిగుసుకుపోయింది. కొత్త వాల్వు వేసి, దానికి ముందు పీవీసీ గొట్టంలో లేత్ షెడ్డు నుంచి తెచ్చిన ఇనుప పొట్టు బాగా తుప్పు పట్టించి నింపాను. కొత్త మెరుపు పొట్టు పనికిరాదు, ఆ హైడ్రోజన్ సల్ఫైడ్‌ని పట్టేది తుప్పే. పొట్టు నల్లబడ్డాక తీసి గాలికి ఆరబోస్తే మళ్లీ ఎర్రబడుతుంది. అప్పుడు బాగా వేడెక్కుతుంది. తడిపి, పలచగా, గడ్డివామికి దూరంగా పరవండి. గొట్టంలో చేరిన నీళ్లు కూడా వారానికోసారి వదిలేస్తాను.

ఈ వాల్వుకు 2 ఏళ్లు నిండాయి. ఇప్పటికీ ఒక్క వేలితో తిరుగుతోంది.