రెప్లికేషన్: రెండు సైట్లూ అప్‌గ్రేడ్ చేయాలా, డీఆర్ సర్వర్‌కే అప్పగించాలా?

మెయిన్ సైట్‌లో వీమ్ (Veeam అనే బ్యాకప్, రెప్లికేషన్ సాఫ్ట్‌వేర్) 11, డీఆర్‌లో (డిజాస్టర్ రికవరీ సైట్, అంటే మెయిన్ సైట్ పడిపోతే పని నడిపించే చోటు) వీమ్ 12 ఉంటే చాలామంది ముందు రెండూ ఒకే వెర్షన్‌కి తెమ్మంటారు. మంచిదే, కానీ డౌన్‌టైమ్ కావాలి, లైసెన్సు చూసుకోవాలి.

నిజానికి రెప్లికేషన్‌కి, అంటే వీఎంల (వర్చువల్ మెషీన్ల) కాపీని రెండో సైట్‌లో సిద్ధంగా ఉంచడానికి, అది తప్పనిసరి కాదు. డీఆర్‌లోని వీమ్ సర్వర్‌కే రెండు వైపుల ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్ట్‌లనీ (వీఎంలు నడిచే మెషీన్లనీ) కలిపి జాబ్ అక్కడి నుంచే నడిపిస్తే పాత సర్వర్ వెర్షన్‌తో పనే ఉండదు, పైగా మెయిన్ సైట్ మొత్తం పడిపోయినా ఫెయిలోవర్ చేయడానికి (డీఆర్‌లోని కాపీకి మారడానికి) కన్సోల్ మన చేతిలోనే ఉంటుంది. నా ఓటు దీనికే.

ప్రాక్సీని (జాబ్‌ల డేటాని మోసే మెషీన్‌ని) మాత్రం రెండు సర్వర్లకీ పంచకండి! కొత్త సర్వర్ ఆ ప్రాక్సీలోని కాంపోనెంట్లని అప్‌గ్రేడ్ చేసేస్తే పాత సర్వర్ జాబ్‌లు దాన్ని వాడుకోలేవు. సోర్స్ (మెయిన్ సైట్) వైపు విడిగా ఇంకో ప్రాక్సీ పెట్టండి. ఒక సర్వర్ షెడ్యూల్ రెండోదానికి తెలియదు కాబట్టి బ్యాకప్, రెప్లికా ఒకే వీఎం మీద ఒకేసారి పడకుండా టైమింగ్ మీరే చూసుకోవాలి.