పోర్షే 911 జీటీ3 వెనక వింగ్: నాలుగు మెట్లలో ఏది, ఎప్పుడు

2021లో వచ్చిన 992 తరం జీటీ3లో మొదట కంటపడేది ఆ వెనక వింగే, అంటే తోక మీద రెక్కలా నిలబడే అడ్డ ఫలక. స్వాన్ నెక్ అంటారు, అంటే స్తంభాలు వింగ్‌ను పైనుంచి పట్టుకుంటాయి. ఇది సోకు కోసం చేసింది కాదు. వింగ్‌లో అసలు పని చేసేది అడుగు వైపు. అక్కడ గాలి వేగం పెరిగి ఒత్తిడి పడిపోతుంది కాబట్టే కారు నేలకు అణుగుతుంది. పాత పద్ధతిలో స్తంభాలను సరిగ్గా అక్కడే బిగించేవారు, ప్రవాహం చెదిరేది. రేసుల్లో తిరిగే 911 ఆర్‌ఎస్‌ఆర్ నుంచి తెచ్చిన ఈ మార్పుతో అడుగు భాగం శుభ్రంగా మిగిలింది. గంటకు 200 కిలోమీటర్ల దగ్గర మామూలు అమరికలోనే వెనకటి జీటీ3 కంటే 50 శాతం, గరిష్ఠ అమరికలో 150 శాతం ఎక్కువ డౌన్‌ఫోర్స్ (గాలి కారును నేలకు అణిచే బలం) వస్తుందని కంపెనీ లెక్క. ఆ గరిష్ఠ అమరిక ట్రాక్ మీదికి మాత్రమే.

వింగ్ కోణానికి మొత్తం నాలుగు మెట్లు. బటన్ ఏమీ లేదు, పనిముట్లు పట్టుకుని చేత్తో మార్చుకోవాలి. ముక్కు కింద గాలిని నడిపించే ముందు డిఫ్యూజర్‌కు కూడా నాలుగు మెట్లు ఉన్నాయి. చాలామంది మరిచేది దీన్నే. వెనక వింగ్ ఒక్కటే లేపేసి, "కారు తిరగట్లేదు" అని గొణుగుతారు.

కారణం సులువే. వింగ్ ఉన్నది వెనక ఇరుసు మీద కాదు, ఇంకా వెనక. తోపుడు బండిని వెనక కొస దగ్గర నొక్కితే ముందు లేచినట్టే ఇక్కడా జరుగుతుంది. ఈ కారు వీల్‌బేస్, అంటే ముందు వెనక ఇరుసుల మధ్య దూరం, 2,457 మి.మీ. వింగ్ ఇరుసుకు ఒక మీటరు వెనక ఉందనుకుంటే, దాని మీద పడే ప్రతి 100 కిలోలకూ వెనక చక్రాల మీద సుమారు 140 కిలోలు పెరిగి, ముందు చక్రాల మీద 40 తగ్గుతాయి. అందుకే వెనక ఒక మెట్టు పెంచితే ముందూ ఒక మెట్టు పెంచాలి. తోక జారడం ఒక్కటే సమస్య అయితేనే వెనకది విడిగా పెంచండి.

అయితే తోక జారేది ఏ వేగంలో? వింగ్ ముట్టుకునే ముందు తేల్చుకోవాల్సింది అదే. డౌన్‌ఫోర్స్ వేగం వర్గంతో పెరుగుతుంది. 200 దగ్గర వచ్చేదాంట్లో 100 దగ్గర నాలుగో వంతు, 80 దగ్గర 16 శాతమే ఉంటుంది. అమెరికాలోని ఆస్టిన్ సర్క్యూట్‌లో 11వ మలుపు లాంటి హెయిర్‌పిన్‌లో (నెమ్మదిగా వెనక్కి తిరిగే మలుపు) వెనక తప్పుకుంటుంటే వింగ్‌తో లాభం లేదు. టైరు ఒత్తిడి, యాంటీ రోల్ బార్ (మలుపులో కారు పక్కకు ఒరగకుండా ఆపే కడ్డీ), థ్రాటిల్ తొక్కే తీరు చూసుకోవాలి. అదే ట్రాక్‌లో 3 నుంచి 6 దాకా వరసగా వచ్చే వేగపు మలుపుల్లో జారితే అప్పుడు వింగ్ వంతు. మన దగ్గర బుద్ధ్ సర్క్యూట్‌లో 10, 11 కలిసిన పొడవాటి కుడి మలుపు ఇలాంటి పరీక్షకు బాగా పనికొస్తుంది. కోయంబత్తూరు కరి స్పీడ్‌వే పొడవు 2.1 కిలోమీటర్లే, అక్కడ మెట్టు మార్చినా పెద్ద తేడా తెలియదు.

మార్చేటప్పుడు కారు చదునైన నేల మీద ఉండాలి. డిజిటల్ యాంగిల్ గేజ్‌తో ముందు పాత కోణం రాసిపెట్టుకోండి. స్క్రూలు రెండు వైపులా ఒకే మెట్టులోకి వచ్చాయో లేదో కళ్ళతో నమ్మొద్దు, గేజ్ రెండు చివరలా పెట్టి చూడండి. ఒక పక్క మెట్టు తప్పితే వింగ్ మెలితిరిగి బిగుసుకుంటుంది, మరలకూ ముప్పే. బిగింపు టార్క్ రెంచ్‌తో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానా), మాన్యువల్ చెప్పిన విలువకే. మరలకు నూనె పూస్తే అదే టార్క్‌కు ఎక్కువ బిగుస్తుంది, పూయకండి. మొదటి సెషన్ అవగానే ఇంకోసారి చూడాలి.

ఒకసారికి ఒకే మార్పు. పోల్చాల్సిన అంకెలు రెండు: వేగపు మలుపులో కనిష్ఠ వేగం, స్ట్రెయిట్ చివర గరిష్ఠ వేగం. మలుపులో వచ్చింది స్ట్రెయిట్‌లో పోయిందేమో ల్యాప్ టైమే చెప్తుంది. పోల్చే రెండు సెషన్లలోనూ పెట్రోలు ఒకే మట్టంలో ఉండాలి. 911లో ట్యాంకు ముందు వైపు ఉంటుంది. 40 లీటర్లు ఖర్చయితే ముక్కు దాదాపు 30 కిలోలు తేలికవుతుంది. దాంతో వచ్చే అండర్‌స్టీర్‌ను (ముక్కు తిరగకుండా బయటికి జారడం) వింగ్ నెత్తిన రుద్దేవాళ్ళున్నారు. ఎండ సంగతి కూడా ఉంది. 15 డిగ్రీలతో పోలిస్తే 40 డిగ్రీల గాలి సాంద్రత సుమారు 8 శాతం తక్కువ, డౌన్‌ఫోర్సూ అంతే తగ్గుతుంది. జనవరిలో కుదిరిన అమరిక మేలో కుదరకపోవచ్చు.

లోపం చెప్పాలంటే, నాలుగు మెట్లు తక్కువే. రెండోదానికీ మూడోదానికీ మధ్య ఏదో కావాలనిపించే ట్రాకులుంటాయి. పిట్‌లో తొందరగా మార్చే వీలూ లేదు, ముందు డిఫ్యూజర్ కోసం ముక్కు కిందికి దూరాలి. ట్రాక్ కోసమే పదునుపెట్టిన జీటీ3 ఆర్‌ఎస్‌లో వింగ్ పై ఫలకను హైడ్రాలిక్స్ కదిలిస్తాయి, 200 దగ్గర 409 కిలోల డౌన్‌ఫోర్స్ ఇస్తుంది. కానీ దాని ధర వేరు, రోడ్డు మీద దాని కుదుపులూ వేరు. నెలకోసారి ట్రాక్‌కు వెళ్ళేవారికి జీటీ3 వింగ్ సరిపోతుంది. ఈ స్క్రూలు ఎప్పటికీ విప్పనివారికి టూరింగ్ ప్యాకేజీ ఉంది. అందులో ఈ వింగ్ బదులు వేగాన్ని బట్టి లేచే చిన్న స్పాయిలర్ వస్తుంది, ఇంజిను మాత్రం అదే 4 లీటర్లు, 510 పీఎస్.