ఉప్పుగాలిలో మూడు పాత జూమ్‌లు

మూడు లెన్సులకూ కలిపి నాకు 9,400 రూపాయలయింది. కెమెరా సోనీ ఏ6000. దూరపువాటిని దగ్గరగా తీసే కొత్త టెలిఫొటో జూమ్ దానికి కొనే స్తోమత లేక 2019లో ఈ దారి పట్టాను. ఫోకస్ చేత్తో తిప్పుకోవాలి, అపర్చరు, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, చేత్తో మార్చుకోవాలి, అందుకే చవక అని అప్పట్లో నా లెక్క. ఒడిశాలోని బరంపురంలో మా ఇంటికి గోపాల్‌పూర్ సముద్రం అరగంట దూరమన్న సంగతి ఆ లెక్కలోకి రాలేదు.

మొదట చేతికొచ్చింది వివిటార్ సిరీస్ 1, 70-210 ఎఫ్/3.5. 70-210 అంటే జూమ్ ఎన్ని మిల్లీమీటర్ల నుంచి ఎంతదాకా సాగుతుందో; ఎఫ్ పక్క అంకె అపర్చరుది, అది పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది. వివిటార్ తన లెన్సులను జపాన్ కర్మాగారాల్లో చేయించుకునేది. సీరియల్ నంబరులో మొదటి రెండు అంకెలు చూస్తే ఎవరు చేశారో తెలిసిపోతుంది: 22 అయితే కినో, 28 అయితే కోమినే, 37 అయితే టోకినా. నాది 22. రెండోది కానన్ ఎఫ్‌డీ 70-210 ఎఫ్/4; ఎఫ్‌డీ అంటే కానన్ పాత ఫిల్ము కెమెరాల రకం. మూడోది టామ్రాన్ 80-210, మోడల్ 103ఏ. దీని వెనక మౌంటు, అంటే కెమెరాకు తగులుకునే రింగు, విప్పి మరో కంపెనీ కెమెరాకు సరిపడేది బిగించుకోవచ్చు.

ఎఫ్‌డీ లెన్సులు ఇంత చవకగా దొరకడానికి కారణం ఉంది. లెన్సు మౌంటు నుంచి ఫిల్ముకు ఉండాల్సిన దూరం ఎఫ్‌డీలో 42 మిల్లీమీటర్లు, కానన్ తర్వాత తెచ్చిన ఈఓఎస్ కెమెరాల్లో 44. అందువల్ల ఈఓఎస్‌లో, మధ్యలో గాజు లేని ఉత్త అడాప్టరుతో (లెన్సుకూ కెమెరాకూ మధ్య బిగించే రింగు) దూరపు వస్తువులు ఫోకస్ కావు. సోనీలో ఆ దూరం 18 మిల్లీమీటర్లే. మిగిలిన 24 మిల్లీమీటర్లలో అడాప్టరు హాయిగా ఇముడుతుంది.

ఆ అడాప్టరే నన్ను ఏడిపించింది. ఎఫ్‌డీ అడాప్టరు మీద ఒక చిన్న రింగు ఉంటుంది. దాన్ని ఒక వైపు తిప్పితేనే అపర్చరు మన మాట వింటుంది, రెండో వైపు ఉంటే పూర్తిగా తెరుచుకునే ఉంటుంది. మా ఊరి అమ్మవారి జాతర, ఠాకురాణి యాత్రలో పులివేషాల వెంట సాయంత్రమంతా తిరిగాను. లెన్సు మీద ఎఫ్/8 పెట్టుకున్నాను, ముందూ వెనకా అందరూ స్పష్టంగా వస్తారన్న ధీమా. కెమెరా వెలుతురును తనే సర్దుకుంటూ పోయింది కాబట్టి అనుమానం రాలేదు. ఇంటికొచ్చి చూస్తే ప్రతి ఫొటోలోనూ ఒక్క ముఖమే స్పష్టం, పక్కవాళ్లంతా మసక. మళ్లీ యాత్ర రావాలంటే రెండేళ్లు ఆగాలి.

అడాప్టరులో ఇంకో లోపం తెలియడానికి ఏడాది పట్టింది. మంచి పాత జూమ్‌లో 210 దగ్గర ఫోకస్ చేసి 70కి వచ్చినా ఫోకస్ చెదరదు. నాకు ప్రతిసారీ చెదిరేది, తప్పు లెన్సుదే అనుకున్నాను. తీరా చూస్తే అడాప్టరు మందం కాస్త తక్కువ. మరలు విప్పి రెండు రింగుల మధ్య సన్నని రాగిరేకు ముక్కలు పెట్టాను. అప్పటి నుంచి జూమ్ ఎంత లాగినా ఫోకస్ నిలబడుతోంది.

పదును విషయానికొస్తే, ఎఫ్/8 దగ్గర మూడింటికీ పెద్ద తేడా కనిపించలేదు. అపర్చరు పూర్తిగా తెరిచి 210కి లాగితే ఆ కాలపు జూమ్‌లన్నింటిలాగే ఇవీ మెత్తబడతాయి. ఎండలో తెల్లకొంగను తీస్తే రెక్కల అంచున ఊదారంగు గీత కనిపిస్తుంది. ఈ కెమెరాలో వణుకు ఆపే ఏర్పాటు లేదు. 210 దగ్గర షట్టరు వేగం సెకనులో 1/500 కంటే తగ్గిస్తే నా చేతికి కుదరలేదు.

గోపాల్‌పూర్‌లో తెల్లవారుజామున అలివి వల లాగేటప్పుడు సూర్యుడు సరిగ్గా పడవల వెనక లేస్తాడు. లెన్సు ముందు ఎండకు అడ్డుగా పెట్టే హుడ్ లేకుండా తీస్తే ఫొటో మీద పలుచని పాలు పోసినట్టు ఉంటుంది. వివిటార్‌ది ముందుకూ వెనక్కూ లాగే జూమ్. ఇన్నేళ్ల వయసులో లోపలి పట్టు సడలి, మెడలో వేలాడేసుకుని నడిస్తే గొట్టం తనంతట తనే కిందికి జారేది. వల లాగుతున్న ఒక ముసలాయన అది చూసి, "బాబూ, మీ దుర్భిణి దానంతటదే సాగుతోందేమిటి?" అని తెలుగులోనే అడిగాడు. పాత సైకిల్ ట్యూబు నుంచి రెండు వేళ్ల వెడల్పు ముక్క కోసి గొట్టానికి తొడిగాను. జారడం ఆగింది. ఈ రకం జూమ్ లాగినప్పుడల్లా గాలిని లోపలికి పీల్చుకుంటుంది, గాలితో పాటు ఇసుక పొడి కూడా పోతుంది. అందుకే ఇసుకలో నిలబడి అదే పనిగా లాగడం మానేశాను.

ఇక బూజు. కానన్‌ను దానితో వచ్చిన, తేమ పట్టే తోలు సంచిలోనే పెట్టి బీరువాలో దాచాను. ఎంత బుద్ధితక్కువ పనో రెండో వానాకాలంలో తెలిసింది. టార్చి వేసి వెనక నుంచి చూస్తే గాజు లోపల సాలెగూడు లాంటి పోగులు! విశాఖలో ఒక మెకానిక్ విప్పి తుడిచాడు, 1,800 తీసుకున్నాడు. బూజు పోయింది కానీ పూత మీద అది తిన్న గుర్తు మిగిలింది. ఎదురెండలో తప్ప ఫొటోలో కనిపించదు. ఎండలో పెడితే బూజు పోతుందని చాలామంది సలహా ఇచ్చారు. ఆ మచ్చ ఎండకు పోయేది కాదు, పైగా వేడికి లోపలి గ్రీజు కరిగి అపర్చరు రెక్కల మీదికి చేరుతుంది.

ఇప్పుడు మూడూ వంటింటి నుంచి తెచ్చుకున్న గట్టి మూత డబ్బాలో ఉంటున్నాయి. అడుగున తేమ పీల్చే నీలం సిలికా జెల్, పక్కన తేమ చూపే చిన్న మీటరు. ముల్లు 40 శాతానికీ 50 శాతానికీ మధ్య ఉంటే నాకు నిద్ర పడుతుంది. జెల్ గులాబీ రంగుకు తిరిగితే సన్నసెగ మీద వేయించి మళ్లీ వాడుతున్నాను. జూన్ నుంచి అక్టోబరు దాకా ఇది పది రోజులకోసారి పని. ఈ పనికి ఓపిక లేనివాళ్లు మా వైపు పాత లెన్సుల జోలికి పోవద్దు.

నేను బయటికి తీసుకెళ్లేది ఎక్కువగా టామ్రాన్‌నే. పదునుకు కాదు, భుజం నొప్పి పుట్టదని. వివిటార్ బరువు సముద్రపు ఒడ్డున రెండో కిలోమీటరులో తెలుస్తుంది. అయినా దగ్గరి నుంచి తీసేటప్పుడు, మగ్గం మీద పట్టుపోగుల్లాంటివి, దానికే చేయి వెళ్తుంది. కానన్‌ను మా బావమరిది అడుగుతున్నాడు. లెన్సు ఇస్తాను, రాగిరేకు పెట్టిన అడాప్టరూ ఇస్తాను. తోలు సంచి మాత్రం ఇవ్వను.