ఇన్వర్టరా, జనరేటరా? కరెంటు పోయినప్పుడు ఇంట్లో ఎవరుంటారో ముందు చూసుకోండి

పోయిన ఏడాది మార్చిలో మా ఇంట్లో ఇన్వర్టర్ మార్పించాను. అప్పటి నుంచి కనీసం పది మంది ఒకే మాట అడిగారు: "జనరేటర్ కొనేద్దామా, ఇన్వర్టర్‌తో సరిపోతుందా?" శివరాత్రి దాటి ఎండ ముదిరేకొద్దీ ఇలా అడిగేవాళ్ళు పెరుగుతారు. గంగమ్మ జాతర నాటికి రోజూ ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు. ఒక్కొక్కరికీ అరగంట చెప్పే బదులు అంతా ఇక్కడ రాసేస్తున్నాను.

మా ఇల్లు తిరుపతిలో, ఎం.ఆర్.పల్లి వైపు. అమ్మకు ఊపిరితిత్తుల జబ్బు. గాలిలోంచి ఆక్సిజన్ తీసిచ్చే మిషన్, ఆక్సిజన్ కాన్‌సంట్రేటర్, నిమిషానికి 2 లీటర్ల చొప్పున రోజులో ఎక్కువ భాగం నడుస్తూ ఉండాలి. మా బావ పాకాల దగ్గర పల్లెలో ఉంటాడు. ఆయనకు ఎనిమిది ఆవులు, బోరు, పాలు పితికే మిషన్. ఇద్దరం ఒకే నెలలో కొన్నాం, నేను ఇన్వర్టర్, ఆయన జనరేటర్. ఎవరికి కావలసింది వాళ్ళు కొన్నాం, అందులో సందేహం లేదు. కానీ టౌన్లో ఉండేవాళ్ళు నన్ను అడిగితే ముందు ఇన్వర్టర్ అనే చెబుతాను. ఎందుకో చెప్తాను.

నిజానికి నేనూ మొదట జనరేటర్ వైపే మొగ్గాను. పేషంటు ఉన్న ఇల్లు, బ్యాటరీ అయిపోతే ఏం చేయాలి, పెట్రోల్ అయితే పోసుకుంటూ ఎంతసేపైనా నడుపుకోవచ్చు కదా అని లెక్క వేసుకున్నాను. తెలిసినవాళ్ళ దగ్గర 2 కేవీఏ (ఎంత లోడ్ మోస్తుందో చెప్పే కొలత) పెట్రోల్ జనరేటర్ ఉంటే రెండు రోజులు అడిగి తెచ్చి వాకిట్లో పెట్టాను. పెట్రోల్ వాల్వ్ తిప్పాలి, చోక్ లాగాలి, తాడు పట్టుకుని ఒక్క ఊపున గుంజాలి, ఇంజన్ కుదురుకున్నాక ఇంటిని లైన్ కరెంటు నుంచి తప్పించి జనరేటర్‌కు కలిపే చేంజ్ ఓవర్ స్విచ్ మార్చాలి. అమ్మకు అంతా చూపించాను. ఆమె ముక్కుకు ట్యూబుతో గుమ్మంలో నిలబడి అంతా విని, "ఆ తాడు నేను యాడ లాగేది నాయనా?" అంది.

నా నిర్ణయం అక్కడే అయిపోయింది. నేనూ నా భార్యా ఉద్యోగాలకు పోతాం, పిల్లవాడు కాలేజీకి పోతాడు. మరమ్మతుల కోసం కరెంటు తీసేది ఎక్కువగా పొద్దున తొమ్మిది నుంచి మధ్యాహ్నం దాకా. అంటే ఇంట్లో అమ్మ ఒక్కతే ఉండే సమయం. బటన్ నొక్కితే స్టార్ట్ అయ్యేవి కూడా ఉన్నాయి, కానీ వాటి లోపల ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. నెలల తరబడి కదిలించకపోతే అది దిగిపోయి మళ్ళీ తాడే దిక్కవుతుంది. ఇన్వర్టర్‌ను యూపీఎస్ మోడ్‌లో పెడితే రెప్పపాటులో దానంతటదే బ్యాటరీకి మారిపోతుంది. కాన్‌సంట్రేటర్ అలారం కూడా మోగదు. కరెంటు పోయిన సంగతి అమ్మకు ఒక్కోసారి తెలియనే తెలియదు. అందుకే ఎవరు అడిగినా ముందు కేవీఏ ఎంత, ధర ఎంత అని మొదలుపెట్టను. కరెంటు పోయే వేళకు ఇంట్లో ఎవరుంటారు, వాళ్ళు ఏం చేయగలరు అని అడుగుతాను.

రెండోది, ఎంతసేపు వస్తుందనే లెక్క. షాపులో ఎవరిని అడిగినా "ఆరేడు గంటలొస్తుంది సార్" అంటారు. మీరే వేసుకోండి. 12 వోల్టుల 150 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ ఎంత నిల్వ చేస్తుందో చెప్పే కొలత) బ్యాటరీ అంటే, రెండూ గుణిస్తే కాగితం మీద 1800 వాట్-అవర్లు, అంటే 1800 వాట్ల లోడ్‌ను ఒక గంట నడిపేంత. ఇన్వర్టర్‌లో పోయేది కొంత, లోడ్ ఎక్కువైతే బ్యాటరీ ఇచ్చేది తగ్గడం కొంత, పూర్తిగా ఖాళీ చేయకూడదు కాబట్టి మిగిల్చేది కొంత. చేతికొచ్చేది 1100 నుంచి 1300 దాకా. మూడు మామూలు ఫ్యాన్లు ఒక్కోటి 75 వాట్లు, టీవీ 80, నాలుగు ఎల్‌ఈడీ బల్బులు, వైఫై కలిపితే 350 వాట్లు అవుతుంది. మూడున్నర గంటలు వస్తే గొప్ప.

ఇక్కడ చాలామంది రెండో బ్యాటరీ కొనేస్తారు. దానికంటే ముందు ఫ్యాన్లు మార్చండి. తక్కువ కరెంటుతో తిరిగే కొత్త రకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్ ఫుల్ స్పీడులో కూడా 30 వాట్ల చుట్టుపక్కలే తీసుకుంటుంది. మూడు మారిస్తే 225 వాట్ల పని 90లో అయిపోతుంది, అదే బ్యాటరీ ఐదు గంటల దాకా లాగుతుంది. పైగా కరెంటు ఉన్నప్పుడు కూడా బిల్లు తగ్గుతుంది, రెండో బ్యాటరీ కొంటే ఆ లాభం ఉండదు.

మా ఇంట్లో మాత్రం రెండు బ్యాటరీలు తప్పలేదు. కాన్‌సంట్రేటర్ ఒక్కటే 350 వాట్లు తీసుకుంటుంది. దానికి అమ్మ గదిలో ఫ్యాను, లైటు కలుపుకుంటే 390. రెండు 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీలు, వాటికి తగిన 24 వోల్టుల ప్యూర్ సైన్ వేవ్ (లైన్ కరెంటులాగే నున్నటి కరెంటునిచ్చే) ఇన్వర్టర్, వైరింగ్ అన్నీ కలిపి నాకు 41 వేలు అయ్యింది. ఆరు గంటలు వస్తుంది. పేషంటు మిషన్లకు గరుకు కరెంటునిచ్చే స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ ఎంత చౌకగా ఇచ్చినా వద్దు. ఆరు గంటలు దాటితే? దానికి బి టైప్ ఆక్సిజన్ సిలిండర్ ఒకటి నింపి పెట్టాను. అందులో దాదాపు 1500 లీటర్లు ఉంటుంది. నిమిషానికి 2 లీటర్లయితే పన్నెండు గంటలు. ఆక్సిజన్ మీద ఉండేవాళ్ళు డాక్టర్‌తో మాట్లాడి సిలిండర్ ఒకటి తప్పకుండా పెట్టుకోండి, ఇన్వర్టర్ ఉన్నా జనరేటర్ ఉన్నా సరే.

మన ఊళ్ళో బ్యాటరీలకు పెద్ద శత్రువు ఎండ. 25 డిగ్రీల మీద ప్రతి పది డిగ్రీలకూ లెడ్ యాసిడ్ బ్యాటరీ (ట్యూబులర్ కూడా ఇదే రకం) ఆయుష్షు దాదాపు సగానికి పడిపోతుంది. మే నెలలో తిరుపతిలో నలభై రెండు, నలభై మూడు డిగ్రీలు కాస్తుంటే మనం తీసుకెళ్ళి మిద్దె మీద రేకుల కింద పెడతాం, అడ్డం లేకుండా ఉంటుందని. మా పాత బ్యాటరీ అలాగే రెండున్నరేళ్ళకు పోయింది. కరకంబాడిలో తయారయ్యేది కదా, మన ఊరి బ్యాటరీ అని అమరాన్ అడిగేవాళ్ళున్నారు, వేరే బ్రాండ్ అడిగేవాళ్ళున్నారు. ఏది కొన్నా నీడలో, గాలి ఆడే చోట పెట్టండి. ఇప్పుడు నావి హాలు వెనక వరండాలో ఉన్నాయి. రెండు నెలలకోసారి నీళ్ళు చూసి డిస్టిల్డ్ వాటరే పోస్తాను. ఆర్‌ఓ నీళ్ళు పోయొద్దు, వాటిలో లవణాలు ఇంకా మిగిలే ఉంటాయి. ఇంకొకటి, బ్యాటరీని నేల మీద పెట్టొద్దు. 2021 నవంబర్‌లో స్వర్ణముఖి పొంగి, రాయలచెరువు కట్టకు ఏమవుతుందోనని ఊరంతా నిద్రపోని ఆ రోజుల్లో మా వీధిలో మోకాలి లోతు నీళ్ళు నిలిచాయి. పక్కింటివాళ్ళ ఇన్వర్టర్ నీళ్ళలో మునిగిపోయింది. మాది ఇప్పుడు రెండడుగుల దిమ్మె మీద ఉంది.

ఇక జనరేటర్. నేను వద్దనుకున్నాను కదా అని తక్కువ చేసి చెప్పను. మోటారు నడవాలంటే దానికి సాటి లేదు. ఒక హెచ్‌పీ మోటారు అంటే 746 వాట్లే కదా అనిపిస్తుంది, కానీ స్టార్ట్ అయ్యే క్షణంలో మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. ఇళ్ళలో పెట్టుకునే చిన్న ఇన్వర్టర్ దాన్ని మోయలేదు, 2 కేవీఏ జనరేటర్ కూడా మూలుగుతుంది. బావ అందుకే 5 కేవీఏది తీసుకున్నాడు. పొద్దున ఐదింటికీ సాయంత్రం నాలుగింటికీ పాలు పితికి తీరాలి, కరెంటు లేదని ఆవు ఆగదు. పొదుగులో పాలు నిలిస్తే జబ్బు చేస్తుంది. కేంద్రంలో పాలు తీసుకునే టైమ్ కూడా దాటిపోతుంది. ఆ వేళకు బావో అక్కో దొడ్లోనే ఉంటారు, తాడు లాగేందుకు మనిషి కావాలనే బాధ వాళ్ళకు లేదు. జనరేటర్‌ను ఇంటికి దూరంగా దొడ్డి చివర రేకుల షెడ్డులో పెట్టాడు, శబ్దం వినేందుకు చుట్టుపక్కల ఎవరూ లేరు. కరెంటు లేని రోజు గంటో గంటన్నరో నడుస్తుంది, లీటరున్నర పెట్రోల్ పోయినా ఆ పాల లెక్కలో అది నష్టం కాదు.

అదే మిషన్ మా వీధిలో పెడితే? జనరేటర్ పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత అనుకునేలోపే మనిషి స్పృహ తప్పుతాడు, నిద్రలో ఉంటే ఇక లేవడు. కిటికీలకూ తలుపులకూ కనీసం 20 అడుగుల దూరంలో, బయట పెట్టాలంటారు. కొర్లగుంట, బైరాగిపట్టెడ సందుల్లో గానీ మా వీధిలో గానీ 20 అడుగులంటే పక్కింటివాళ్ళ పడకగది కిటికీ. బాల్కనీలో, మెట్ల కింద, షట్టర్ వేసిన కార్ షెడ్డులో పెట్టి నడిపేవాళ్ళను నేను చూశాను. దయచేసి ఆ పని చేయకండి. వాన పడుతోందని లోపలికి జరపడం కూడా వద్దు. ఊపిరితిత్తుల జబ్బు మనిషి ఉన్న ఇంట్లో అయితే ఆ పొగ దగ్గరికే రాకూడదు.

ఖర్చు చూడండి. ఫ్యాన్లూ లైట్లే కదా అని నడిపినా ఇంజన్ గంటకు అరలీటరు దాకా తాగేస్తుంది. లీటరు 110 చుట్టుపక్కల ఉంది. నెలకు ఇరవై గంటలు నడిస్తే వెయ్యి దాటిపోతుంది. వాడకుండా ఉంచితే ఇంకో బాధ, ఇప్పుడు బంకుల్లో వచ్చేది ఇథనాల్ కలిపిన పెట్రోల్, అది తేమను పీలుస్తుంది. నెలల తరబడి ట్యాంకులో ఉంటే కార్బురేటర్‌లో జిగురు కట్టి, సరిగ్గా అవసరమైన రోజు మొరాయిస్తుంది. నెలకోసారి పావుగంట లోడ్ పెట్టి నడపాలి, లేదంటే పెట్రోల్ తీసేసి ఉంచాలి. బావ ఇది చేస్తాడు, ఆయనకు రోజూ ఇంజన్లతోనే పని. నేను చేస్తానా అంటే నాకు నమ్మకం లేదు.

చేంజ్ ఓవర్ స్విచ్ గురించి మళ్ళీ చెప్తున్నాను. రెండు వైపులా పిన్నులున్న వైరుతో జనరేటర్‌ను ఇంటి ప్లగ్గులో గుచ్చేవాళ్ళున్నారు. మెయిన్ ఆపడం మరిచారా, మన 230 వోల్టులు వీధిలోకి వెళ్ళి ట్రాన్స్‌ఫార్మర్ అవతల 11 వేల వోల్టులయి కూర్చుంటాయి. లైన్ ఆపేశాం అన్న ధైర్యంతో స్తంభం మీద ఒక మనిషి ఉంటాడు. స్విచ్ పెట్టించడానికి అయ్యేది వేలల్లోనే, ఎలక్ట్రీషియన్‌కు సగం రోజు పని.

టౌన్లో ఉండి మోటారు సంగతేంటి అని అడుగుతారు. మరమ్మతుల కోత ఉంటే ముందురోజే పేపర్ జిల్లా పేజీలో వస్తుంది, పొద్దున్నే ట్యాంకు నింపుకుంటే వెయ్యి లీటర్లతో ఆ రోజు గడిచిపోతుంది. ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే నాలుగు గంటలు చల్లదనం ఆగుతుంది. ఏసీ కూడా నడవాలంటే అది వేరే బడ్జెట్, దానికి నా దగ్గర సలహా లేదు.

లిథియం బ్యాటరీ మంచిదే, డబ్బుంటే. నీళ్ళు పోసే పని లేదు, బరువు తక్కువ, ట్యూబులర్ నిండడానికి పది పన్నెండు గంటలు పడితే ఇది మూడు నాలుగు గంటల్లో నిండుతుంది. 2022 ఏప్రిల్‌లో పరిశ్రమలకు పవర్ హాలిడే పెట్టిన రోజుల్లోలాగ రోజుకు నాలుగైదు సార్లు పోతే ఈ తేడా బాగా తెలుస్తుంది. ఈసారి మార్చేటప్పుడు నేను అదే తీసుకుంటాను.

సోలార్: పీఎం సూర్య ఘర్ సబ్సిడీతో 3 కిలోవాట్లకు 78 వేలు వస్తుంది, బిల్లు తగ్గించుకోవడానికి పెట్టించుకోండి. కానీ బ్యాటరీ లేకుండా నేరుగా కరెంటు లైనుకు కలిపే ఆన్-గ్రిడ్ సోలార్ కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది, మిట్ట మధ్యాహ్నమైనా సరే. లైన్‌మన్ భద్రత కోసమే అలా చేస్తారు. ఇది తెలియక బ్యాకప్ అనుకుని పెట్టించుకున్నవాళ్ళు మా వీధిలోనే ఇద్దరున్నారు. డీజిల్ జనరేటర్ అపార్ట్‌మెంట్ మొత్తానికి, కల్యాణ మండపానికి సరిపోతుంది, ఒక్క ఇంటికి ఎక్కువ. ఇంట్లో శుభకార్యమైతే ఆ ఒక్క రోజుకు అద్దెకు తెచ్చుకుంటే చాలు.

ఒక్క పని మాత్రం ఇన్వర్టర్ ఉన్నవాళ్ళందరూ చేయాలి. ఆరు నెలలకోసారి నేను ఇంట్లో ఉన్న ఆదివారం చూసుకుని మెయిన్ ఆపేసి, మామూలుగా ఉండే లోడంతా పెట్టి, టైమ్ రాసుకుంటాను. సిలిండర్ పక్కనే సిద్ధంగా ఉంటుంది, దాని ప్రెజర్ కూడా అప్పుడే చూస్తాను. కొత్తలో 6 గంటల 10 నిమిషాలకు బీప్ మొదలైంది. పోయిన నెల 5 గంటల 40 నిమిషాలకు మొదలైంది. నాలుగున్నరకు వచ్చిన రోజు బ్యాటరీలు మార్చాలని గోడ మీద క్యాలెండర్‌లో రాసి పెట్టాను. ఆ అంకె అమ్మకూ తెలుసు.