వైమార్‌లో మారీ యుహాచ్ జాడలు: ఒక నడక పర్యటనపై సమీక్ష

జర్మనీలోని ఎర్ఫుర్ట్ నుంచి రైలులో పావుగంట ప్రయాణించి వైమార్ చేరుకునేవారిలో ఎక్కువమంది మహాకవులు గెటే, షిల్లర్‌ల కోసమే వస్తారు. ఆ ఇద్దరి విగ్రహం ఉన్న నాటకశాల ఎదుటి నుంచే బయలుదేరే రెండు గంటల నడక పర్యటనలో నేను ఈమధ్య పాల్గొన్నాను. జర్మన్ పార్లమెంటులో ప్రసంగించిన తొలి మహిళ మారీ యుహాచ్ జీవితమే దాని విషయం. చెల్లించిన రుసుముకు తగిన పర్యటనే కాని, ఒక లోటును మాత్రం గట్టిగా చెప్పవలసి ఉంది.

మార్గదర్శకురాలు కథను నాటకశాలతో కాక, 1879లో మారీ పుట్టిన, నేడు పోలండ్‌లో ఉన్న లాండ్స్‌బెర్గ్ పట్టణంతో మొదలుపెట్టడం నాకు ఎంతో నచ్చింది. ఇళ్లలో పనిమనిషిగా, కర్మాగారంలో కార్మికురాలిగా, మానసిక రోగుల ఆసుపత్రిలో పరిచారికగా పనిచేసి, కుట్టుపనితో పొట్టపోసుకుని, భర్త నుంచి విడిపోయి 1906లో ఇద్దరు పిల్లలతో, చెల్లెలు ఎలిజబెత్‌తో బెర్లిన్ చేరిన స్త్రీ ఆమె. బెర్లిన్ రాజధానిగా ఉన్న జర్మన్ రాజ్యం ప్రష్యాలో స్త్రీలు రాజకీయ పార్టీలలో చేరకుండా అడ్డుకున్న చట్టం 1908లో తొలగింది. ఆ ఏడాదే ఆమె సోషల్ డెమోక్రటిక్ పార్టీలో చేరారు. ఈ భాగానికే గంటసేపు కేటాయించడం సరైన నిర్ణయం, ఎందుకంటే తరువాత ఆమె సభలో పలికిన ప్రతి మాటకూ బలం అక్కడి నుంచే వచ్చింది.

బెర్లిన్ వీధులలో అల్లర్లు చెలరేగినందున 1919లో కొత్త రాజ్యాంగం రాయడానికి ఎన్నికైన జాతీయ సభ వైమార్ నాటకశాలలో సమావేశమైంది. స్త్రీలు తొలిసారి ఓటు వేసిన ఆ ఎన్నికలలో 37 మంది మహిళలు గెలిచారు. అక్కాచెల్లెళ్లు ఇద్దరూ వారిలో ఉన్నారు. ఫిబ్రవరి 19న మారీ మాట్లాడటానికి లేచి "పెద్దమనుషులారా, మహిళలారా" అని సంబోధించగానే సభలో నవ్వులు వినిపించాయని అధికారిక నివేదికలోనే నమోదైంది. అన్యాయంగా తొక్కిపెట్టిన హక్కునే ప్రభుత్వం స్త్రీలకు ఇచ్చిందని, అది సహజంగా జరగవలసిన పనే తప్ప మరొకటి కాదని ఆమె స్పష్టం చేశారు. నాటకశాల మెట్ల దగ్గర నిలబడి ఆ వాక్యాలు విన్నప్పుడు నాకు గొంతు పూడుకుపోయింది.

లోటు ఆ తరువాతే మొదలైంది. 1919 డిసెంబరులో ఆమె స్థాపించిన కార్మిక సంక్షేమ సంస్థ 'ఆర్బైటర్‌వోల్‌ఫార్ట్' నేటికీ పనిచేస్తున్నా, దాని ప్రస్తావన రెండు వాక్యాలతో ముగిసింది. 1933లో నాజీలు అధికారానికి వచ్చాక మొదట అప్పటికి జర్మనీ పాలనలో లేని సార్ ప్రాంతానికి, అక్కడి నుంచి ఫ్రాన్సుకు, 1941లో అమెరికాకు వెళ్లి, దాదాపు డెబ్బై ఏళ్ల వయసులో 1949లో తిరిగివచ్చిన ఆమె ప్రవాసాన్ని, వీడ్కోలు చెబుతూ హడావిడిగా ముగించారు. ఇంత కష్టపడి బతికిన మనిషి జీవితంలో సగభాగాన్ని అలా వదిలేయడం న్యాయం కాదు.

వివరణ తేలికైన ఇంగ్లీషులో సాగుతుంది కనుక జర్మన్ ఇంకా పట్టుబడని మన విద్యార్థులు కూడా నిశ్చింతగా వెళ్లవచ్చు. రాళ్లు పరిచిన వీధులలో ఎక్కువసేపు నిలబడవలసి వస్తుంది. ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నలను తీసుకువెళ్లేవారు ఈ సంగతి ముందే ఆలోచించుకోవాలి. నిర్వాహకులు ఆ ప్రసంగ పాఠాన్ని పూర్తిగా అచ్చువేసి చేతికిస్తే బాగుంటుంది. నేను దానిని తిరుగు రైలులో ఫోనులో వెతుక్కుని చదువుకున్నాను.